ఎఫ్/4 చాలదనే మాట ఇక ఒప్పుకోను

మన దగ్గర పెళ్లిళ్లు తీసేవాళ్ల మధ్య ఒక లెక్క ఎప్పుడో స్థిరపడిపోయింది. లెన్సు మీద 2.8 అని రాసుంటే పని తెలిసినవాడు, 4 అని రాసుంటే ఇంకా డబ్బులు కూడబెట్టుకుంటున్నవాడు. ఆ అంకె లెన్సు అపర్చర్‌ది, అంటే వెలుతురు వచ్చే రంధ్రానిది. అంకె చిన్నదైతే వెలుతురు ఎక్కువ, మనిషి వెనక ఉన్నవి మసకబారడం, అంటే బ్లర్, కూడా ఎక్కువ. ఇప్పుడా లెక్క కస్టమర్ల దాకా పాకింది. రేటు మాట్లాడుకోవడానికి వచ్చినవాళ్లు కూడా ‘బ్లర్ బాగా వస్తుందా అండీ?’ అని ముందే అడుగుతున్నారు. ఈ లెక్క మన పనికి సరిపడదని నాకు చాలాకాలంగా అనిపిస్తూనే ఉంది. నికాన్ జెడ్ 24-120 మి.మీ. ఎఫ్/4 ఎస్ (24 దగ్గర వెడల్పాటి దృశ్యం, 120 దగ్గర దూరపువి దగ్గరగా చూపే జూమ్ లెన్సు) చేతికొచ్చాక గట్టిగానే చెప్పాలనిపిస్తోంది. ఒక్క జూమ్‌తో పని నడుపుకోవాల్సినవాడు, అందులోనూ మన పెళ్లిళ్లు, తిరునాళ్లు, మార్కెట్లు తీసేవాడు, ఎఫ్/2.8 జూమ్‌ని పక్కనబెట్టి కోరి మరీ కొనుక్కోదగ్గ లెన్సు ఇది.

లెన్సు నాకు కొత్తే గానీ మార్కెట్‌కి మరీ కొత్తేం కాదు. 2021 అక్టోబరులో జెడ్9 కెమెరా బాడీతో పాటు ప్రకటించారు, 2022 మొదట్లో అమ్మకానికి వచ్చింది. నేను వాడేది జెడ్6 II మీద. లెన్సు బరువు 630 గ్రాములు, బాడీ బ్యాటరీతో కలిపి 700 గ్రాముల పైచిలుకు. రెండూ కలిసి కిలోన్నర లోపే. మెడలో వేసుకుని పూటంతా తిరిగినా లెన్సు బరువుకి కెమెరా ముందుకు తూలదు. ముందు ఫిల్టరు సైజు 77 మి.మీ., అంటే డీఎస్ఎల్ఆర్ రోజుల నుంచి దాచుకున్న ఫిల్టర్లు చాలామందికి అలాగే పనికొస్తాయి. 120కి తిప్పితే గొట్టం బాగా ముందుకొస్తుంది. జనంలో ఉన్నప్పుడు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎదుటివాళ్ల భుజానికి తగిలే ప్రమాదం ఉంటుంది.

24-120 అనే రేంజి నికాన్‌కి పాతదే. 1996లో ఒకటి, 2003లో వీఆర్ (చేతి వణుకును సర్దే ఏర్పాటు) జోడించి ఒకటి, 2010లో అన్ని ఫోకల్ లెంగ్తుల (24, 50, 120 లాంటి మి.మీ. అంకెల) దగ్గరా ఎఫ్/4 ఇచ్చేది ఒకటి తెచ్చారు. వాటి మీద జనాభిప్రాయం ఎప్పుడూ ఒకటే: రేంజి బాగుంది, అంచుల్లో పదును లేదు. ఊళ్లు తిరగడానికి సరే, డబ్బు తీసుకుని చేసే పనికి వద్దు అనేవారు. ఎఫ్/4 జూమ్ అంటే చిన్నచూపు ఏర్పడడానికి సగం కారణం ఆ రోజుల నుంచి మోసుకొస్తున్న ఈ అభిప్రాయమే.

ఇప్పుడు మారింది ఏమిటంటే లెన్సు వెనక ఉన్న ఖాళీ. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సుకీ సెన్సర్‌కీ మధ్య అద్దం లేచి పడాలి కాబట్టి నికాన్ ఎఫ్ మౌంట్‌లో (బాడీకి లెన్సు బిగించే చోటు) 46.5 మి.మీ. దూరం వదలాల్సి వచ్చేది. మౌంట్ లోపలి వ్యాసం 44 మి.మీ. అద్దం లేని జెడ్ మౌంట్‌లో ఆ దూరం 16 మి.మీ.కి తగ్గింది, వ్యాసం 55 మి.మీ.కి పెరిగింది. వెనకవైపు గాజును పెద్దదిగా చేసి సెన్సర్‌కి దగ్గరగా కూర్చోబెట్టే వీలు దొరికింది. వైడ్ కొసన (24 వైపు) అంచుల్ని నిలబెట్టడం అందుకే తేలికైంది. 24 దగ్గర, ఎఫ్/4 లోనే, గ్రూప్ ఫొటోలో చివర నిలబడ్డ మేనత్త మొహం మధ్యలో ఉన్న పెళ్లికూతురి మొహంతో పాటు ఆల్బమ్‌లో నిలుస్తోంది. అపర్చర్‌ని 5.6కి మూస్తే పదును ఇంకాస్త బిగుస్తుంది, కానీ మూయక తప్పని అవసరం నాకు కనబడలేదు. రా ఫైల్లో (కెమెరా దిద్దకుండా ఇచ్చే ఫైలు) దిద్దుబాటు తీసేసి చూస్తే వైడ్‌లో గీతలు వంగుతాయి, మూలలు చీకటవుతాయి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఈ లెన్సుకున్న ప్రొఫైల్ దానంతటదే సరిచేస్తుంది. దీని గురించి ఇంతకంటే దిగులు అక్కర్లేదు.

అసలు వాదన బ్లర్ దగ్గరే ఉంది కాబట్టి అక్కడ కాసేపు ఆగుదాం.

ఫోకల్ లెంగ్త్‌ని అపర్చర్ అంకెతో భాగిస్తే లెన్సు తెరుచుకున్న రంధ్రం ఎంత వెడల్పో తెలుస్తుంది. 24-70 ఎఫ్/2.8 జూమ్ చివరి కొస 70ని 2.8తో భాగించండి, 25 మి.మీ. వస్తుంది. 120ని 4తో భాగించండి, 30 మి.మీ. వస్తుంది. మనిషిని ఫ్రేములో ఒకే సైజులో నిలబెట్టుకున్నప్పుడు, బాగా దూరాన ఉన్న నేపథ్యం ఎంత కరుగుతుందో తేల్చేది ఈ వెడల్పే. అంటే 24-70 ఎఫ్/2.8 తన చివరి కొసన ఇచ్చే బ్లర్ కంటే, 24-120 ఎఫ్/4 తన చివరి కొసన ఇచ్చేదే ఎక్కువ. నాలుగడుగులు వెనక్కి జరిగి 120కి తిప్పి తీస్తే మండపం అవతల వేలాడదీసిన సీరియల్ లైట్లు గుండ్రటి చుక్కలై ఫ్రేమంతా పరుచుకుంటాయి. ఎఫ్/4లో బ్లర్ రాదన్న మాట 50 దగ్గర నిజం, 120 దగ్గర కాదు.

ఇంకో సంగతి కూడా ఉంది, నాకు ఎక్కువ నచ్చింది అదే. మొహం ఫ్రేములో అంతే సైజులో ఉన్నప్పుడు, ఫోకస్‌లో నిలిచే లోతు ఎఫ్/2.8లో కంటే ఎఫ్/4లో 40 శాతం పైగా ఎక్కువ. పీటల మీద కూర్చున్న ఇద్దరూ ఎప్పుడూ ఒకే గీత మీద ఉండరు. పెళ్లికూతురు కాస్త ముందుకు వంగి ఉంటుంది, పెళ్లికొడుకు పంతులుగారు చెప్పేది వింటూ వెనక్కి ఒరిగి ఉంటాడు. ఎఫ్/2.8లో ఒకళ్ల కళ్లు పదునుగా వచ్చి రెండోవాళ్లవి మెత్తబడిన ఫ్రేములు ప్రతి పెళ్లి ఫోల్డర్లోనూ ఎన్నో ఉంటాయి. ఆల్బమ్ డిజైన్ చేసేటప్పుడు వాటిని పక్కన పెట్టాల్సి వస్తుంది. 120లో ఎఫ్/4 పెట్టి తీస్తే ఇద్దరి మొహాలూ దక్కే అవకాశం పెరుగుతుంది, వెనకున్న లైట్లూ కరుగుతాయి. పెళ్లి ఫొటోకి ఇంతకంటే ఏం కావాలి?

వైడ్ వైపు నాకు బ్లర్ అసలు వద్దు. ఎందుకు వద్దో చెప్పాలంటే మా ఇంట్లో ఉన్న అమ్మానాన్నల పెళ్లి ఆల్బమ్ గురించి చెప్పాలి. నల్లటి అట్టలు, మధ్యమధ్య బటర్ పేపరు, ఫొటోలకి నాలుగు మూలలా అంటించిన కార్నర్లు. చుట్టాలెవరొచ్చినా ఆ ఆల్బమ్ బయటికొస్తుంది. వాళ్లు చూసేది అమ్మనీ నాన్ననీ కాదు, వెనక నిలబడ్డవాళ్లని. ‘ఇదుగో, సుబ్బమ్మ పిన్ని! ఆ చీర మా అమ్మ పెట్టిందే.’ ‘ఈ పిల్లాడెవరు, ముక్కు చీదుకుంటూ?’ ‘అప్పుడింకా పెంకుటిల్లే కదూ.’ తాటాకు పందిరి గుంజలు, అద్దెకి తెచ్చిన ఇనప కుర్చీలు, వాటి మీద సున్నంతో రాసిన సప్లయర్స్ పేరు, గోడకి ఆనించిన సైకిలు, అన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. ఆనాటి ఫొటోగ్రాఫర్ ఫ్లాష్ పెట్టుకుని అపర్చర్ బాగా మూసి తీశాడు. అందుకే ఆ పెళ్లితో పాటు ఆ వీధి కూడా మాకు మిగిలింది.

ఇప్పుడు మనం తీస్తున్న పెళ్లిళ్లలో ఆ వెనకవాళ్లు రంగు మరకలైపోతున్నారు. అమ్మమ్మ పక్కనే నిలబడి ఉంటుంది, ఫొటోలో ఒక ఆకుపచ్చ మచ్చ. ముప్పై ఏళ్ల తర్వాత ఆ ఆల్బమ్ తెరిచిన మనవరాలు ఎవరిని గుర్తుపడుతుంది? పెళ్లంటే మనకి వెనక నిలబడే జనమే. తలంబ్రాలప్పుడు పెళ్లికూతురి చేతుల్ని ముందుకు తోసి ఉసిగొల్పే అక్కచెల్లెళ్లు, పీటల మీద నుంచి లేవమనే దాకా మెడ తిప్పని తండ్రి, ఇదంతా ఫొటోలో చదవగలిగేలా ఉండాలి. 35 దగ్గర, 50 దగ్గర ఎఫ్/4, ఎఫ్/5.6 వాడే అలవాటు మళ్లీ తెచ్చుకోవాలని నా గట్టి కోరిక. ఈ లెన్సు నన్ను ఆ అలవాటు వైపు నెడుతోంది.

మా వైపు స్టూడియో నడిపే ఒకన్న ఉన్నాడు, ఫిలిం రోజుల నుంచి పెళ్లిళ్లు తీస్తున్నాడు. నా లెన్సు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి, ‘అంతా బాగానే ఉంది తమ్ముడూ, రాత్రి రిసెప్షన్ హాల్లో దీంతో ఏం తీస్తావ్?’ అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4కి వస్తే వెలుతురు సగమవుతుంది. 3200 ఐఎస్ఓలో (వెలుతురుకి సెన్సర్ స్పందించే స్థాయి) అయ్యే పనికి 6400 పెట్టాలి.

నేను ఆయనకి చెప్పింది ఇది. అన్నా, మన ఆల్బమ్ షీటు 12x36 అంగుళాలు. అందులో ఒక పేజీ నిండా ఒక ఫొటో వేస్తే 12x18. 24 మెగాపిక్సెల్ ఫైలు ఆ సైజుకి అంగుళానికి 330కి పైగా పిక్సెళ్లు ఇస్తుంది. 6400లో వచ్చే గ్రెయిన్, అంటే చుక్కచుక్కల గరుకు, ఆ ప్రింటులో చేతి దూరం నుంచి చూసేవాళ్లకి కనిపించదు. మానిటర్ మీద నూరు శాతానికి పెంచి చూసేది నువ్వూ నేనే. రెండోది, మన హాళ్లలో లైట్లు సెకనుకి వందసార్లు మినుకుతుంటాయి, మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి. షట్టర్ స్పీడు బాగా పెంచితే ఫొటోలో అడ్డచారలు పడతాయని నీకూ తెలుసు. 1/100 దగ్గరే ఆగుతావు. అలాంటప్పుడు 2.8 ఇచ్చే అదనపు వెలుతురు స్పీడు పెంచుకోవడానికి ఎలాగూ పనికిరాదు. ఇక స్టేజీ మీద సంగతంటావా, వీడియోవాళ్ల లైటు సరేసరి, మన ఫ్లాష్ ఉండనే ఉంది.

ఆయన పూర్తిగా ఒప్పుకోలేదు. సంగీత్‌లో లైట్లన్నీ ఆర్పేసి డీజే రంగులు తిప్పుతున్నప్పుడు, గుడి మండపంలో దీపాల వెలుగులోనే పెళ్లి జరుగుతున్నప్పుడు ఎఫ్/4 నిలబడదన్నాడు. అక్కడ ఆయన మాటే సరైంది. అలాంటి చోట 2.8 కూడా చాలీచాలనట్టే ఉంటుంది. అందుకే నా సంచిలో 40 మి.మీ. ఎఫ్/2 ఒకటి పెట్టుకుంటున్నాను. 170 గ్రాములే, జేబులోనూ పడుతుంది. ఎఫ్/4తో పోలిస్తే నాలుగింతల వెలుతురు ఇస్తుంది. 24-70 ఎఫ్/2.8 ఎస్ ఒక్కటే 805 గ్రాములు, 24-120నీ 40నీ కలిపి తూచినా దానికంటే అయిదు గ్రాములు తక్కువ. డబ్బు లెక్కలోనూ తేడా పెద్దదే. అమెరికాలో విడుదలైనప్పుడు 24-120 ధర దాదాపు 1,100 డాలర్లు, 24-70 ఎఫ్/2.8 ధర దాదాపు 2,300 డాలర్లు. అప్పు చేసి 2.8 కొని, ఆ అప్పు తీర్చడానికి రేటు తగ్గించుకుని పెళ్లి మీద పెళ్లి ఒప్పుకుంటున్న కుర్రాళ్లను చూస్తుంటే నాకు బాధగా ఉంటుంది. ఆ మిగిలే డబ్బుతో రెండు మంచి లైట్లు కొనుక్కోండి. ఫొటో ఎక్కువ బాగుపడేది వాటి వల్లే.

70 తర్వాత మిగిలిన 50 మిల్లీమీటర్ల విలువ మండపం మీదే తెలుస్తుంది. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం తలుచుకోండి. అడ్డుతెర ఇంకా దిగలేదు, అటు మేనమామ, ఇటు తోడిపెళ్లికూతురు, పంతులుగారు, వీడియో అతను, సెల్‌ఫోన్లు ఎత్తి పట్టుకున్న అరడజను మంది. మనకి దొరికిన చోటు నుంచి కదలడానికి ఉండదు. తెర దిగగానే మొదట ఆ గుంపంతా రావాలి, మరుక్షణం ఒకరి తల మీద ఒకరి చెయ్యి, ఆ వేళ్ల సందుల్లోంచి కనబడే కళ్లు రావాలి. 24 నుంచి 120కి మణికట్టు ఒక్కసారి తిప్పితే చాలు. 24-70తో అయితే రెండోది దూరంగా ఉండిపోతుంది, లేదంటే రెండో బాడీకి 70-200 తగిలించి భుజాన వేసుకోవాలి. అదొక్కటే కిలో నాలుగు వందల గ్రాముల దాకా ఉంటుంది.

దగ్గరి ఫోకస్ ఈ లెన్సులో నేను ఊహించని బహుమతి. జూమ్ ఎక్కడున్నా 35 సెం.మీ. దాకా పోవచ్చు, అదీ సెన్సర్ నుంచి కొలిచిన దూరం. 120 దగ్గర 0.39 రెట్ల మాగ్నిఫికేషన్. అంటే సుమారు తొమ్మిది సెంటీమీటర్ల వెడల్పున్న వస్తువు ఫ్రేమంతా నిండుతుంది. 2010 నాటి లెన్సుతో అది 15 సెంటీమీటర్లు. ముహూర్తానికి ముందు కొబ్బరిబోండం మీద మంగళసూత్రాలు పెట్టి పెద్దవాళ్లందరి దగ్గరికీ తిప్పుతారు కదా. ముత్తయిదువలు ఒక్కొక్కరూ వేళ్లతో తాకి కళ్లకద్దుకుంటారు. మొన్నొక పెళ్లిలో ఆ పళ్లెం వెంటే నడిచాను. ఒకావిడ, ఎనభై దాటి ఉంటారు, చూపుడు వేలు పుస్తెల మీద ఆనించి అలాగే ఆగిపోయారు. వేలి ముడతల్లో ఇరుక్కున్న పసుపు, అరిగిపోయిన ఉంగరం, ఇంకా తడి ఆరని పసుపుతాడు, పుస్తె అంచున పడ్డ ఒక అక్షింత గింజ, ఇవన్నీ ఫ్రేములో ఉన్నాయి. తలెత్తి జూమ్ వెనక్కి తిప్పాను, 35 దగ్గర ఆవిడా, పళ్లెం పట్టుకున్న కోడలూ, వరసలో తన వంతు కోసం చూస్తున్న మిగతా ఆడవాళ్లూ. మాక్రో లెన్సు వెతుక్కునే పని ఉంటే ఈ రెండో ఫొటో నాకు దక్కేది కాదు.

పెళ్లిళ్లు లేని రోజుల్లో నేను తిరిగే చోటు గుంటూరు మిర్చి యార్డు. సీజన్లో షెడ్ల నిండా, దారుల నిండా టిక్కీలు (మిర్చి బస్తాలు) పేర్చి ఉంటాయి. గాలే ఎర్రగా ఉన్నట్టనిపిస్తుంది. లోపలికి అడుగు పెట్టగానే గొంతులో మంట పుడుతుంది. హమాలీలు ముక్కుకి తువ్వాలు చుట్టుకుని బస్తాలు మోస్తుంటారు. అక్కడ లెన్సు మార్చడమన్న మాటే లేదు. జెడ్6 IIలో లెన్సు తీస్తే సెన్సర్ బయటికి కనిపిస్తుంది, ఆ కారం దుమ్ము దాని మీద పడితే ఆ పూట తీసిన ఆకాశమంతా చుక్కలే. తగిలించిన లెన్సుతోనే లోపలికి వెళ్లాలి, దాంతోనే బయటికి రావాలి. నికాన్ దీన్ని దుమ్ము, తేమ లోపలికి పోకుండా సీళ్లు పెట్టి చేసింది. 24లో టిక్కీల వరసలు, వాటి మధ్య నడిచే మనుషులు. 120లో కొనుగోలుదారు చెయ్యి: గోనె మూతి విప్పి పిడికెడు తేజ రకం కాయలు బయటికి తీస్తాడు, ఒకటి విరిచి లోపలి గింజ చూస్తాడు, తాలు (రంగుపోయిన కాయ) ఎంత కలిసిందో వేలితో పక్కకి తీసి రైతు మొహం వైపు చూస్తాడు. ఆ చూపు తీయాలంటే దగ్గరికి పోకూడదు. కెమెరా కనబడితే ఇద్దరూ సర్దుకుంటారు. 70 దగ్గర ఆగిపోయే లెన్సుతో నేను వాళ్ల బేరం మధ్యలో నిలబడాల్సి వచ్చేది.

వీడియో గురించి రెండు ముక్కలు. జూమ్ చేసినా ఎక్స్‌పోజర్ మారదు, ఒకరి నుంచి ఇంకొకరికి ఫోకస్ మారుతున్నప్పుడు ఫ్రేము పెద్దగా ఊగదు. పెళ్లి హైలైట్ వీడియోలు తీసేవాళ్లకి ఇది చాలు. లెన్సు మీదున్న కంట్రోల్ రింగ్‌కి (అపర్చర్ లాంటివి మార్చుకునే చుట్టు) క్లిక్కులు లేవు, మెత్తగా తిరుగుతుంది. హడావుడిలో తెలియకుండా వేలు తగులుతుందని నేను మెనూలో దానికి ఏ పనీ ఇవ్వకుండా వదిలేశాను.

కొనేముందు ఒక్క విషయం తప్పకుండా చూసుకోండి. ఈ లెన్సులో వీఆర్ లేదు, వణుకు ఆపే పని బాడీదే. జెడ్5, జెడ్6, జెడ్7, జెడ్ఎఫ్ లాంటి వాటి మీద ఏ ఇబ్బందీ లేదు. జెడ్30, జెడ్50, జెడ్ ఎఫ్‌సీ వాడేవాళ్ల బాడీల్లో ఆ సౌకర్యం లేదు కాబట్టి 120 దగ్గర చేతి వణుకు ఫొటోలోకి వచ్చేస్తుంది. పైగా చిన్న సెన్సర్ వల్ల 24 కాస్తా 36 అయి, ఇరుకు ఇళ్లలో వెనక్కి జరగడానికి గోడ అడ్డొస్తుంది. వాళ్లకి నేనీ లెన్సు కొనమని చెప్పను. సోనీ, కెనాన్ వాడే మిత్రులకి ఈ గొడవ లేదు, సోనీ 24-105 ఎఫ్/4 జీ లోనూ, కెనాన్ ఆర్ఎఫ్ 24-105 ఎఫ్/4 ఎల్ లోనూ స్టెబిలైజేషన్ లెన్సులోనే ఉంది. బ్లర్ గురించి, వెనకున్న జనం గురించి నేను పైన చెప్పినవి వాటికీ వర్తిస్తాయి. 105ని 4తో భాగిస్తే 26 పైనే, 2.8 వాళ్ల 25 కంటే అప్పటికీ ఎక్కువే.

వానలో ఇంకా పరీక్షించలేదు. శ్రావణంలో ఒప్పుకున్న పెళ్లిళ్లలో ఒకటి ఇంటి ముందు పందిట్లోనే జరుగుతుంది. జల్లులో 120 దాకా సాగిన గొట్టం ఎలా తట్టుకుంటుందో ఆ పెళ్లి అయ్యాక రాస్తాను.